ముందు వదలడం నేర్పాలి

"ఆ రాడ్డెక్కడున్నాదో సెప్పండి ముందు. మిగతా మాటలు తర్వాత."

జగన్నాధం భుజం మీది సంచి అరుగు మీద పడేసి, చెప్పులు విప్పకుండానే పెరట్లోకి నడిచాడు. రాయ్‌పూర్ నుంచి రెండు రోజులు లారీ తోలుకొచ్చి, సాలూరులో బండి అప్పజెప్పి, బస్సులో దిగిన మనిషి. గడ్డం మాసి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూతురు పడుకున్న గది వైపు కన్నెత్తి చూడలేదు.

అన్న గణపతిరావు పొలం బురద కాళ్లతోనే వెనకాల వెళ్లాడు.

"ముందు గుంటని సూడరా, నీ కూతుర్ని. నాన్నెప్పుడొస్తాడని పొద్దున్నుంచి అడుగుతన్నాది."

"సూస్తాను. దాన్ని సూస్తే మరి నాకు కాళ్లూ సేతులూ ఆడవు. ముందు ఆ రాడ్డు."

పశువుల సాలలో, ఎడ్లు లేక ఖాళీ అయిన సగంలో, అది మంగళవారం ఎలా పడిందో అలాగే ఉంది. ఇసుక దట్టించిన ఇనప గొట్టం. రెండు కొసలా, సగానికి కోసిన రంగు డబ్బాల్లో పోసి, తీసి మార్చుకునేలా చేసిన సిమెంటు దిమ్మలు. గొట్టం నడుమ చేతులు జారకుండా చుట్టిన సైకిల్ ట్యూబు ముక్కలు.

జగన్నాధం వంగి పట్టుకున్నాడు. నూతిలో పారేద్దామని ఆవేశంగా లేపాడు. నడుం దాకా వచ్చింది. పళ్లు బిగించి గుండెల దాకా తెచ్చాడు. అక్కడి నుంచి పైకి తోయబోతే చేతులు వణికాయి. ఆగిపోయాడు. మెల్లగా దించి నేల మీద పెట్టాడు.

"దీన్నేనా అది తల మీదికెత్తింది?"

గొట్టాన్ని కాలితో ఓసారి దొర్లించాడు.

"నలభై ఎనిమిది కిలోల గుంట... దీన్నా?"

సాల గుమ్మంలో నిలబడ్డ ఈశ్వరి తల వంచుకుంది. గణపతిరావు కూతురు ఆమె. విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు. ఈ రాడ్డు చేయించింది ఆమె. సిమెంటు కలిపింది ఆమె. చిన్నాన్న కూతురు, పదహారేళ్ల శ్రావణికి ఎత్తడం చూపించిందీ ఆమే.

శ్రావణి పడి అయిదు రోజులైంది. వెన్నుపూస చిట్లిందన్నారు. నరం నలిగిందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలన్నారు. కదలని ఎడమ పాదం మాటేమిటని తల్లి రాణి అడిగితే, విజయనగరం డాక్టరు ఫిలిం వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "అది ఇప్పుడే చెప్పలేమమ్మా" అన్నాడు. నిన్న ఇంటికి తెచ్చారు.

డాక్టరుకీ, తల్లికీ, అడిగిన ప్రతివాళ్లకీ శ్రావణి ఒక్కటే మాట చెప్పింది.

"నేనొక్కర్తినే ఎత్తేను. అక్క అప్పటికింకా కాలేజీ నుంచి రాలేదు."

ఈశ్వరి ఆ మాటని కాదనలేదు. అయిదు రోజులుగా కాదనలేదు.

* * *

"ఇలా రా." జగన్నాధం సాలలోంచి బయటికొచ్చి నూతి గట్టు మీద కూర్చున్నాడు. "నీకెవులు నేర్పేరు?"

"ఎవులూ నేర్పలేదు సిన్నాన్నా. సూసి నేర్చుకున్నాను."

"ఏటి సూసి?"

"ఫోన్లో."

"ఫోన్లో." ఆయన ఆ మాట మళ్లీ అన్నాడు. "లారీ తోలడం ఫోన్లో సూసి నేర్చుకుని రేపు సాలూరు ఘాటీ ఎక్కుతానంటే ఎక్కనిస్తారేటే నన్ను?"

"అడగాల్సినోళ్లందర్నీ అడిగేను." ఈశ్వరి నూతి గట్టుకి దగ్గరగా జరిగింది. "బొబ్బిలిలో నేర్పినోళ్లు లేరు. విజయనగరంలో ఒకాయన దగ్గరికెళ్లేను. నీ వయసెంతన్నాడు. ఇరవై అంటే నవ్వేడు. పదేళ్లప్పుడు రావలసిందన్నాడు. సెల్లిని తీసుకెళ్తే దాన్ని మాత్రం మెచ్చుకున్నాడు. హాస్టల్లో సీట్లు అయిపోయేయి, వచ్చేడాది తీసుకురా అన్నాడు. ఈలోగా ఏటి సెయ్యమంటారంటే ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు ఇచ్చేడు. బొమ్మలన్నీ నల్లగా పడ్డాయి. మనిషేదో, రాడ్డేదో తెలీలేదు."

"తెలీనప్పుడు మానెయ్యాల."

"ఫోన్లో సూస్తే ఒకడు కాళ్లు ఎడంగా పెట్టమంటాడు. ఇంకొకడు దగ్గరగా అంటాడు. ఒకడు నడుం వంచు అంటాడు, ఒకడు వంచితే సచ్చిపోతావంటాడు. అన్నీ ఇంగ్లీషు, హిందీ. తెలుగులో వరసగా సెప్పినోడు ఒక్కడే దొరికేడు. ధనరాజ్ సర్ అని. పన్నెండు వారాల్లో స్నాచ్ అని, అంటే ఒక్క ఊపున రాడ్డు తల మీదికెత్తడం, ఏ వారానికి ఎంతెత్తాలో రాసి పంపించేడు. మేం ఎత్తింది వీడియో తీసి పంపితే సూసి జవాబిచ్చేవాడు."

"ఏటని?"

ఈశ్వరి ఫోను తీసి ఇచ్చింది. జగన్నాధం కళ్లు చికిలించి చదివాడు. శ్రావణి రాడ్డు ఎత్తుతున్న వీడియో. దాని కింద బొటనవేలు బొమ్మ. కండల బొమ్మ. 'సూపర్ చెల్లెమ్మా. ఫామ్ పర్ఫెక్ట్. నెక్స్ట్ వీక్ ఐదు కిలోలు పెంచు.'

ఆయన ఆ వీడియోని మూడుసార్లు చూశాడు. రాడ్డు తల మీదికెళ్లి ఆగినప్పుడు శ్రావణి నవ్వుతోంది. ఆ నవ్వు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఫోన్ సెయ్యి వీడికి."

"సిన్నాన్నా..."

"సెయ్యి. అందరూ వినేలాగ పెట్టు."

నాలుగోసారికి ఎత్తాడు. హుషారైన గొంతు. వెనకాల పాటలు.

"హలో, ధనరాజ్ ఫిట్‌నెస్! చెప్పండి."

"శ్రావణి తండ్రిని బాబూ. బొబ్బిలి పక్క నుంచి."

"శ్రావణి... ఆ, ఆ! మంచి ట్యాలెంట్ అండీ మీ అమ్మాయి."

"దాని నడుం ఇరిగింది బాబూ. నువ్వెత్తమన్న బరువెత్తి."

పాటలు ఆగిపోయాయి.  మళ్లీ వచ్చినప్పుడు ఆ గొంతు వేరేగా ఉంది.

"చూడండి సార్, చాలా బాధాకరం. కానీ నేను ఎవర్నీ ఎత్తమనలేదు. ప్లాన్ మొదటి పేజీలోనే ఉంటుంది, కోచ్ పర్యవేక్షణలో మాత్రమే చేయాలని. దానికి ఒప్పుకున్నట్టు వాళ్లు నొక్కాకే ప్లాన్ వెళ్తుంది."

"కోచ్చంటే నువ్వే అనుకున్నారు గుంటలు."

"నేను కంటెంట్ చేస్తాను సార్. అక్కడ నిలబడి చూడను కదా."

"సరే గానీ ఒక్క మాటడుగుతాను, సెప్పు. నీకెవులు నేర్పేరు?"

"అంటే?"

"ఈ బరువులెత్తడం. నువ్వెక్కడ నేర్చుకున్నావు?"



"నేనూ చూసే నేర్చుకున్నాను సార్. అందరూ అంతే ఈ రోజుల్లో."

ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే మోగలేదు. ఈశ్వరి గబగబా ధనరాజ్ ఛానల్ తెరిచి చూసింది. మూడు వారాల క్రితం 'మా పల్లెటూరి సింహం' అని అతను గర్వంగా పెట్టుకున్న శ్రావణి వీడియో అక్కడ లేదు.

"తీసేసేడు," అంది.

జగన్నాధం ఫోను గట్టు మీద పెట్టాడు. ఎవరినీ ఉద్దేశించకుండా, చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఎవడో ఊరూ పేరూ తెలీనోడిని అడిగేరు. ఇంట్లో ఉన్న మనిషిని అడగలేకపోయేరు."

గణపతిరావు ఉలిక్కిపడి తమ్ముడి వైపు చూశాడు. "జగన్నాధం. ఆ మాటొద్దు."

"ఏం? ఎందుకొద్దు? ఇరవయ్యారేళ్లయింది, వద్దు వద్దనుకుంటూ."

దూరంగా గేదె తొట్టిలో కుడితి కలుపుతున్న జగ్గమ్మ చేయి ఆగింది.

* * *

జగ్గమ్మ ఆ అన్నదమ్ముల నడిమి ఆడపడుచు. నలభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఈశ్వరి తల్లి పోయినప్పుడు మూడేళ్ల పిల్లని చంకనెత్తుకుని, అప్పటి నుంచి ఆ ఇంటి పనే తన పని చేసుకుంది. వడ్ల బస్తా ఒక్కతే బండి మీదికి వేస్తుంది. ఆ భుజాలు ఎక్కడివని ఊళ్లో కొత్త కోడళ్లు అడిగితే, ముసలాళ్లు మాట మార్చేస్తారు.

చిన్నప్పుడు అత్త బరువులెత్తేదని ఈశ్వరికి తెలుసు. తెలిసింది అంతే.

"అడిగేరు," అంది జగ్గమ్మ. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "అడక్కపోవడమేటి. సంకురాత్రి ఎళ్లిన వారం ఇద్దరూ వచ్చి నా పక్కలో కూకుని అడిగేరు. నాకేటీ తెల్దన్నాను."

"తెల్దన్నావా?" జగన్నాధం అక్క మీదికి లేచాడు. "అప్పా! స్టేట్‌లో ఫస్టొచ్చినదానివి. నిన్ను సూడ్డానికి ఊరు ఊరంతా రైలుస్టేషనుకొచ్చింది. తెల్దన్నావా?"

"అన్నాను."

"పోనీ, ఆళ్లు సేస్తన్నారని నీకు తెల్దు కదా. తెలిస్తే ఆపేదానివి."

జగ్గమ్మ చేతికంటిన తవుడు గోటితో గీక్కుంది.

"అప్పా. తెల్దు కదా?"

"తడిక ఎనకాల నుంచుని సూసేదాన్ని," అంది. "మూడు నెలలు సూసేను. రోజూ."

గదిలోంచి అప్పుడే బయటికొచ్చిన రాణి, చేతిలో తడి గుడ్డతో, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. శ్రావణి తల్లి ఆమె. అయిదు రోజుల్లో పదేళ్లు పైబడ్డట్టుంది.

"ఏటి సూసేవు వదినా?"

"అన్నీ తప్పే సూసేను." జగ్గమ్మ చూపు నేల మీంచి లేవలేదు. "ఆ ఫోన్లో సూపించేవాళ్ల సక్రాలు పెద్దవి. రాడ్డు నేలకి జానెడెత్తున ఉంటాది. మన డబ్బాలు అందులో సగం లేవు. ఆ రాడ్డు అందుకోవాలంటే గుంట నడుం విల్లులాగ వంచాలి. ఏ కొస కింద ఆ కొసకి రెండేసి ఇటికలు పెట్టుంటే సరిపోయేది. నడుం తిన్నగా ఉండేది."

"ఇటికలా?"

"అదొకటి. ఇంకొకటి... ముందు ఒగ్గీడం నేర్పాల, రాడ్డుని వదిలీడం. ఎత్తడం తర్వాత. నాకు నెల్లాళ్లు ఒట్టి కర్ర ఇచ్చి అదే సేయించేరు. రాడ్డు ఎనక్కెళ్తే దాన్నొగ్గేసి నువ్వు ముందుకి దూకు. ముందుకొస్తే ఎనక్కి దూకు. దాన్ని కాపాడకు, నిన్ను కాపాడుకో. ఈళ్లకది ఎవులూ సెప్పలేదు. ఆ గుంట రాడ్డుని ఒగ్గలేదు. పట్టుకునే కూలబడింది. ఆ బరువంతా దాని నడుం మీదే పడింది."

 గేదె తొట్టిలో మూతి పెట్టి కుడితి తాగుతోంది.

"ఇటికలు," అంది రాణి మళ్లీ. ఆమె చూపు గోడవార పేర్చి ఉన్న ఇటుకల మీదికి పోయింది. మరుగుదొడ్డి కట్టగా మిగిలిన ఇటుకలు. సాలకి పదడుగుల దూరం కూడా లేదు. "నాలుగిటికలు. నా పిల్ల నడుం కరీదు నాలుగిటికలా వదినా?"

"రాణీ..." గణపతిరావు ఏదో అనబోయాడు.

"మీరు మాటాడకండి బావగారూ. ఈ మనిషి నా పిల్లకి అన్నం కలిపి పెట్టింది. జ్వరమొస్తే రాత్రంతా కూకుంది. తడిక ఎనకాల నుంచుని అది సావుకి దగ్గరవుతుంటే సూసింది. ఎందుకు? ఎందుకు వదినా? అదేటి సేసింది నిన్ను?"

"ఏటీ సెయ్యలేదమ్మా."

"మరెందుకు?"

జగ్గమ్మ తల ఎత్తింది. రాణి వైపు కాదు. అన్న వైపు చూసింది.

"తప్పుగా సేస్తే ఒంటి నొప్పులొచ్చి, విసిగిపోయి ఆళ్లే మానేస్తారనుకున్నాను. నేర్పితే బాగా ఎత్తుతారు. బాగా ఎత్తితే ఎవడో ఒకడొచ్చి తీసుకెళ్తాడు. నన్ను తీసుకెళ్లినట్టు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "నాకు నేర్పినోడు అన్నీ తెలిసినోడే. కోచ్చంటే మాకు దేముడు. క్యాంపులో సూదిమందేస్తే విటమిన్ అన్నాడు, ఏయించుకున్నాను. ఆయన సెప్తే కాదంటామా? పోటీ అయ్యేక పరీక్ష సేసేరు. కొన్నాళ్లకి పేపర్లో, కూడని మందేయించుకుందని నా పేరు పడింది. ఆయన పేరు పడలేదు. నేనే తెలిసి ఏయించుకున్నానని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టేను. అప్పటికి కూడా ఆయన్నే నమ్మేను."

గణపతిరావు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంటికొస్తే నాన్న సిగ్గుతో మరి ఈదిలోకి రాలేదు. ఏడాది తిరక్కుండానే పోయేడు. అన్నయ్య నా సర్టిఫికెట్లు పెంటకుప్ప మీద తగలెట్టేడు. ఈ ఇంట్లో మరి ఆ ఊసెత్తితే ఉరేసుకుంటానన్నాడు. అవునా అన్నయ్యా?"

గణపతిరావు అవుననలేదు, కాదనలేదు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, ఆ తువ్వాలులోనే ముఖం ఉంచేసుకున్నాడు.

"తెలిసినోడిని నమ్మి నేనిలాగయ్యేను. తెలీనోడిని నమ్మి గుంట అలాగయ్యింది. నడిమిన నేనున్నాను. నోరు మూసుకుని ఉన్నాను. తప్పు నాది రాణీ. నువ్వేటంటే అదే."

రాణి చేతిలోని తడి గుడ్డ పిండింది. అందులో నీళ్లు లేకపోయినా పిండుతూనే ఉంది. చివరికి లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

* * *

జగన్నాధం ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, తలుపు తోసుకుని లోపలికెళ్లాడు. లోపల నుంచి ముందు శ్రావణి నవ్వు వినిపించింది. తర్వాత మగమనిషి ఏడుపు.

ఈశ్వరి సాలలోకి వెళ్లిపోయింది. జగ్గమ్మ అక్కడికొచ్చి, రాడ్డు పక్కన నేల మీద చతికిలబడింది.

"అత్తా. మంగళవారం కూడా సూసేవా?"

"సూసేను."

ఈశ్వరి చూపు తడిక మీదికి పోయింది. మంగళవారం సాయంత్రం శ్రావణి కేక పెట్టగానే ఆమె వీధిలోకి ఆటో కోసం పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి శ్రావణి దగ్గర రాణీ జగ్గమ్మా ఉన్నారు. అక్క ఇంకా రాలేదని శ్రావణి అప్పటికే చెప్పేసింది. అత్తకీ అదే తెలుసు అనుకుంది, ఇన్నాళ్లూ.

"విన్నావా?"

"విన్నాను. 'వద్దక్కా, నడుం లాగుతన్నాది, రేపెత్తుతాను' అన్నాది. 'ఈ దినం పెంచాల్సిన దినం, రాసున్నాది కదా, ఒక్కసారెత్తెయ్, వీడియో తీస్తాను' అన్నావు."

ఈశ్వరి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మరి ఎందుకు సెప్పలేదత్తా? ఇందాక అందరూ ఉన్నారు. తప్పంతా నీదన్నావు."

"నేను సెప్పవలసింది సెప్పాల్సినప్పుడు సెప్పలేదు. ఇప్పుడు నీ మీద సెప్పడానికి నాకు నోరెక్కడిది?"

"నేను దానికంటే నాలుగేళ్లు పెద్దదాన్ని." ఈశ్వరి మాటలు ఏడుపులో కలిసిపోయాయి. "దానికన్నీ బేగా వచ్చీసీవి. నేను నెలరోజులు పడితే అది రెండు రోజుల్లో ఎత్తీది. నేనెత్తలేను, నాకు తెలుసు. నేర్పేనన్న పేరైనా నాకుంటాదని... అది యాభై ఎత్తితే ఆయన అందరికీ సూపిస్తానన్నాడు. కింద నా పేరేస్తానన్నాడు."

జగ్గమ్మ ఆమెని దగ్గరికి తీసుకోలేదు. పదిహేడేళ్లు చంకలో, ఒళ్లో, పక్కలో పెంచిన చేతులు ఆ పూట కదల్లేదు.

"నన్ను కోప్పడు అత్తా."

"నేనెవుల్ని కోప్పడతానే."

* * *

పొద్దు వాలుతుండగా, రాణి నీళ్ల కోసం కుళాయి దగ్గరికెళ్లిన సమయంలో, ఈశ్వరి గదిలోకి వెళ్లింది.

శ్రావణి పలక లాంటి మంచం మీద వెల్లకిలా ఉంది. నడుముకి రెండు వైపులా దిళ్లు. పాదాల మీద దుప్పటి. కుడి కాలి వేళ్ల దగ్గర దుప్పటి కదులుతోంది. ఎడమ వైపు కదలడం లేదు.

"అక్కా, నాన్న ఏడిసేడు," అంది. "ఎప్పుడూ సూడలేదు నేను."

"ఊఁ."

"అత్త మాటలన్నీ వినిపించేయి ఇక్కడికి. పాపం అత్త." కాసేపాగి, "ఇటికలు పెడితే సరిపోయేదంట కదా. మనకి తట్టనేలేదు," అంది.

ఈశ్వరి మంచం పక్కన నేల మీద కూర్చుంది. శ్రావణి ముఖం కనిపించకుండా కూర్చుంది.

"నా వీడియో నిజంగా తీసేసేడా?"

"తీసేసేడు."

"నీ ఫోన్లో ఉంది కదా. ఒకసారి సూపించు."

ఈశ్వరి ఫోను ఆమె ముఖానికి పైగా పట్టుకుంది. రాడ్డు నేల నుంచి లేచింది, తల మీదికి వెళ్లింది, ఆగింది. వంద సార్లు చూసిన వీడియో. అత్త మాటలు విన్నాక ఈశ్వరికి అందులో మొదటిసారి చెల్లెలి నడుం కనిపించింది. కొడవలిలా వంగిపోయి ఉంది.

"బాగా ఎత్తేను కదక్కా?"

"బాగా ఎత్తేవు."

శ్రావణి ఆమె వైపు తల తిప్పలేకపోయింది. పైకప్పు వైపే చూస్తూ అడిగింది.

"నిజం సెప్పక్కా. ఆయనా బాగుందన్నాడు. నువ్వూ బాగుందన్నావు. అత్త ఏటీ తెల్దన్నాది. ఉన్నదున్నట్టు సెప్పినోళ్లు ఒక్కరూ దొరకలేదు నాకు. నువ్వైనా సెప్పు."

ఈశ్వరి ఫోను కిందికి దించింది.

"తప్పుగా ఎత్తేవు," అంది ఈశ్వరి. "నడుం గుండ్రంగా వంగిపోయింది. మొదటి రోజు నుంచీ అంతే. నాకు తెల్దు. తెల్దని కూడా తెల్దు నాకు."

శ్రావణి కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి చేయి ఎత్తలేదు. ఈశ్వరి తుడవబోయింది.

"ఒగ్గెయ్. బానే ఉన్నాను." కొంతసేపటికి గొంతు తగ్గించి అంది, "మంగళవారం సంగతి మాత్రం నువ్వు సెప్పకు. సెప్తే నాన్న నిన్ను కాలేజీ మానిపించెయ్యమంటాడు. ఇద్దరం ఇంట్లో కూకుని ఏటి సేస్తాం?"

"నీ కాలు రాకపోతే?"

"వస్తాదిలే."

"రాకపోతే?"

శ్రావణి దుప్పటి కింద కుడి కాలి వేళ్లు ఆడించడం ఆపేసింది.

* * *

రాత్రి కాకముందే గణపతిరావు తమ్ముడికి అన్నం పెట్టమన్నాడు. రెండు రోజులుగా బన్నూ టీ తప్ప తినని మనిషి. రాణి వడ్డిస్తోంది. జగ్గమ్మ వంటింటి గుమ్మంలో, లోపలికీ బయటికీ కాకుండా కూర్చుంది. ఆమెకి ఎవరూ పళ్లెం పెట్టలేదు. ఈశ్వరి ముందు పెట్టారు.

జగన్నాధం అన్నం కలిపాడు. ముద్ద ఎత్తలేదు.

"ఒక్కటే నాకు అర్థం కావడం లేదు," అన్నాడు. "అది మెత్తని గుంట. నడుం నొప్పని పడడానికి వారం ముందు నుంచే నాకు ఫోన్లో సెప్తన్నాది. అంత నొప్పి పెట్టుకుని, ఎవులూ లేనప్పుడు, ఒక్కర్తీ ఎళ్లి అంత బరువెందుకెత్తింది?"

ఈశ్వరి చేయి పళ్లెంలోనే ఉంది.

"ఒక్కర్తీ కాదు సిన్నాన్నా."

రాణి గరిటె ఆగింది.

"నేనున్నాను. అది వద్దన్నాది. నడుం లాగుతన్నాదన్నాది. నేనే ఎత్తమన్నాను. డబ్బాలు మార్చింది నేను. బరువు పెంచింది నేను. అది నన్ను కాపాడ్డానికి అబద్ధమాడింది. నేను ఊరుకున్నాను."

గణపతిరావు కూతురి వైపు చూశాడు. 

జగన్నాధం ఈశ్వరిని చూడలేదు. గుమ్మంలోని అక్క వైపు తిరిగాడు.

"అప్పా. మంగళవారం కూడా నువ్వున్నావు కదా తడిక ఎనకాల. నిజమేనా ఇది?"

జగ్గమ్మ చాలాసేపు మేనకోడలినే చూసింది. ఒక్క మాటంటే చాలు, లేదు, పిల్ల బాధలో ఏదో అంటోంది అంటే చాలు. ఈశ్వరి ఆమె వైపు చూస్తూ, తల అడ్డంగా ఊపింది. అబద్ధం వద్దు అన్నట్టు.

"నిజమే," అంది జగ్గమ్మ.

జగన్నాధం పళ్లెంలోనే చేయి కడిగేసుకున్నాడు. లేచి, చొక్కా తీసుకుని వీధి వైపు వెళ్లిపోయాడు. గేటు చప్పుడు కూడా వినిపించలేదు.

రాణి వంగి, ఈశ్వరి ముందున్న పళ్లెం తీసేసింది. కోపంగా కాదు. పండుటాకుని తీసినట్టు, మెల్లగా. దాన్ని తీసుకెళ్లి కుడితి కుండలో వంచేసింది.

"పిన్నీ..."

"నన్నలా పిలవకు."

"పిన్నీ, నన్ను కొట్టు. తిట్టు."

"నువ్వు దాని దగ్గరికి రావద్దు," అంది రాణి. "అంతే. అది లేచి నడిస్తే అప్పుడు సూద్దాం. నడవకపోతే మరి ఈ ఇంట్లో నీ మొహం నేను సూడను."

లోపల గదిలోంచి పిలుపొచ్చింది. అంతా విన్న గొంతు.

"అమ్మా. అక్కని పంపించు."

రాణి వెళ్లి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ ద్వారబంధానికి చెరో వైపూ ఆనించింది.

"అమ్మా, కాలు సూడాల. ఏదో అవుతన్నాది. అక్కని రమ్మను."

"ఏటవుతన్నాది? నేను సూస్తాను."

"నువ్వొద్దు. అక్కనే రమ్మను. అక్కయితే ఉన్నదున్నట్టు సెప్తాది."

ఈశ్వరి లేచి గడప దగ్గరి దాకా వెళ్లింది. రాణి భుజం మీంచి మంచం కొస ఒక్కటే కనిపిస్తోంది. దుప్పటి తొలగిపోయి ఉంది. ఎడమ పాదం దీపం వెలుగులో పాలిపోయి ఉంది. అది కదిలిందో, తన కళ్లలో నీళ్లు కదిలాయో, అంత దూరం నుంచి ఈశ్వరికి తెలియలేదు.

"పిన్నీ, జరుగు."

రాణి జరగలేదు.